కలరా ఉండ చెప్పిన కరెంటు కథ

బీరువాలో పట్టుచీరల మడతల మధ్య ఓ మూల పడి ఉంటుంది కలరా ఉండ. పురుగుల్ని తరమడం తప్ప దానికింకో పని ఉందని ఎవరూ అనుకోరు. కానీ దాదాపు వందేళ్ల కిందట ఓ తెలుగు కుర్రాడు దాన్ని అయస్కాంతం ముందు పెట్టి చూశాడు. అణువుల్లో ఎలక్ట్రాన్లు ఎలా మసలుకుంటాయన్నది ఆ ప్రశ్న. అదే ప్రశ్న పట్టుకుని వెళ్లిన శాస్త్రవేత్తలు తర్వాత కరెంటు పారే ప్లాస్టిక్‌ని చేశారు. అయస్కాంతంలా పనిచేసే అణువునీ చేశారు!

ఆదివారం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. అలిపిరికి మాత్రం పొద్దూ మాపూ తేడా ఉండదు. పాదాల మండపం దగ్గర కొబ్బరికాయలు కొట్టే చప్పుడు, 'గోవిందా' అన్న కేకలు, గాలి నిండా కర్పూరం వాసన. మెట్టు మెట్టుకీ పసుపూ కుంకుమా పెడుతూ వంగి లేస్తున్న ఆడవాళ్లు. ముందున్నవి 3,550 మెట్లు మరి!

ఆ జనంలో ఓ పదేళ్ల పిల్లాడు చేతిలో ఫ్రిజ్‌కి అంటించే శ్రీనివాసుడి బిళ్ల పట్టుకుని కనిపించిన ప్రతిదానికీ ఆనించి చూస్తున్నాడు. ఇనప రెయిలింగుకి టక్కున అతుక్కుంది. వాళ్లమ్మ చేతిలోని ఇత్తడి గంటకి అతుక్కోలేదు. కొబ్బరికాయకి లేదు. కర్పూరం బిళ్లకీ లేదు. 'ఎందుకక్కా?' అన్నాడు. పక్కనే ఉన్న అక్క, ఇంటర్ పూర్తయిన పిల్ల, ఏదో చెప్పబోయింది. ఈలోగా వాళ్ల నాయన అందుకున్నాడు.

'అడగరా, అడుగు. ఆయమ్మ చదువంతా దాని గురించే అంట! ఇంజినీరింగులో సీటొస్తాది సార్. ఏర్పేడు ఐసర్‌లోనూ వస్తాది. ఈమేమో ఐసరే అంటాది. కెమిస్ట్రీ అంట, పరిశోధనంట. కరెంటు పారే అణువులంట, అయస్కాంతాలంట. నేను ఆర్టీసీలో కండక్టర్ని. ఈమె కండక్టర్ల మీద పరిశోధన చేస్తాదంట! నవ్వులాటగా ఉంది గానీ సార్, అది తిండి పెడతాదా? ఇంకో వారంలో తేల్చుకోవాల. మీరు పేపరోళ్లు, మీరైనా చెప్పండి.'

జవాబు చెప్పలేకపోయాను. ఫోన్ నంబరు మాత్రం తీసుకున్నాను. ఈ కథ ఆ జవాబు కోసం వెతుకులాటే.

అగిరిపల్లి కుర్రాడు

వెతుకులాట మొదలుపెడితే మొట్టమొదట తగిలింది మనవాడే. సూరి భగవంతం. 1909లో కృష్ణా జిల్లా అగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో డిగ్రీ చదివారు. 1928లో కలకత్తా వెళ్లి సర్ సి.వి.రామన్ దగ్గర చేరారు. ఆ సంవత్సరం ఫిబ్రవరి 28నే రామన్ ఎఫెక్ట్ బయటపడింది. బౌబజారు వీధిలోని ఆ పరిశోధనశాలలో అప్పుడు పండగ వాతావరణం. ఎవరైనా వెలుగు మీదే పనిచేయాలనుకునే రోజులు.

రామన్ దృష్టి మాత్రం ఒక్క వెలుగు మీదే లేదు. ఆయనా, ఆయన శిష్యుడు కె.ఎస్.కృష్ణన్ కూడా అణువులు అయస్కాంతం ముందు ఎలా ప్రవర్తిస్తాయోనని ఆలోచిస్తున్నారు. భగవంతం చేతికొచ్చిన పదార్థం నాఫ్తలీన్. అంటే మన కలరా ఉండే! 1929లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో 'నాఫ్తలీన్ స్ఫటికాల అయస్కాంత అసమదిశత్వం' అన్న అర్థం వచ్చే శీర్షికతో ఆయన పత్రం అచ్చయింది. అప్పటికాయన వయసు ఇరవైకి అటూ ఇటూ. మన పిల్లలు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండే వయసు!

ఉండ ఎటు తిరిగింది?

అసమదిశత్వం అన్న మాట చూసి భయపడక్కర్లేదు. చపాతీ ఉంది. నిలబెట్టి చూస్తే ఓ గీత. పడుకోబెట్టి చూస్తే ఓ గుండ్రం. అటు నుంచి ఒకలా, ఇటు నుంచి ఒకలా ఉండటమే అసమదిశత్వం. నాఫ్తలీన్ అణువూ చపాతీలాంటిదే. పది కార్బన్లూ ఎనిమిది హైడ్రోజన్లూ కలిసి, పక్కపక్కనే అతుక్కున్న రెండు షడ్భుజాలుగా చదునుగా ఉంటాయి. తేనెపట్టులో పక్కపక్కనున్న రెండు గదులు అనుకోండి.

నాఫ్తలీన్‌ని అయస్కాంతం లాగదు. నిజానికి చాలా కొద్దిగా తోస్తుంది. ఎంత కొద్దిగా అంటే చేత్తో పట్టుకుంటే తెలియనే తెలియదు. అందుకే స్ఫటికాన్ని సన్నని పోగుకి వేలాడదీసి, అయస్కాంత ధ్రువాల మధ్య ఉంచి, అది ఎటు తిరిగిందో, ఎంత బలంతో తిరిగిందో కొలిచేవాళ్లు ఆ రోజుల్లో. ఒక ముక్క ఒక దిక్కుకే ఎందుకు తిరుగుతుంది?

గుడి చుట్టూ ప్రదక్షిణ గుర్తుతెచ్చుకోండి. ఆ షడ్భుజాల్లో కొన్ని ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకీ కట్టుబడి ఉండవు. వలయం మొత్తానికీ ఉమ్మడి ఆస్తి అవి. అయస్కాంత క్షేత్రం చపాతీ ముఖానికి ఎదురుగా వచ్చిందా, ఆ ఎలక్ట్రాన్లు వలయం చుట్టూ ప్రదక్షిణ మొదలెడతాయి. ఆ తిరుగుడుతో పుట్టే చిన్న అయస్కాంతత్వం బయటి క్షేత్రాన్ని ఎదిరిస్తుంది. చపాతీ అంచు క్షేత్రం వైపుంటే ప్రదక్షిణకి వీలుండదు, ఎదిరింపూ తగ్గుతుంది. అందుకే అణువు తన ముఖాన్ని తప్పించి అంచు చూపాలనుకుంటుంది. దాన్నిబట్టి కంటికి కనిపించని అణువు స్ఫటికంలో ఎటు ఒరిగి కూర్చుందో చెప్పొచ్చు!

అప్పట్లో దీన్ని చూసి ఎవరైనా 'ఏం లాభం?' అని అడిగి ఉంటే భగవంతం ఏం చెప్పేవారో తెలియదు. ఇప్పుడైతే చెప్పడానికి బోలెడుంది. మందుల కంపెనీల్లో కొత్త అణువు ఆకారాన్ని తేల్చే ఎన్‌ఎంఆర్ యంత్రాలుంటాయి. అణువులో ఇలాంటి వలయం ఉందని అవి గుర్తుపట్టేది ప్రధానంగా ఈ ప్రదక్షిణ ఆధారంగానే!

కంపార్టుమెంట్లో కరెంటు

ఎలక్ట్రాన్లు అణువు లోపల అంత స్వేచ్ఛగా తిరుగుతున్నాయి కదా, మరి కలరా ఉండలో కరెంటు ఎందుకు పారదు? రసాయన శాస్త్రవేత్తల్ని దశాబ్దాలు వేధించిన ప్రశ్న ఇది.

తిరుమల వెళ్లినవాళ్లకి దీని జవాబు తేలిగ్గానే అర్థమవుతుంది. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్టుమెంట్లుంటాయి. లోపల జనం కూర్చోవచ్చు, కాస్త అటూ ఇటూ జరగొచ్చు. గేటు తీసేదాకా పక్క కంపార్టుమెంటులోకి పోలేరు. పక్కదీ నిండి ఉంటే గేటు తీసినా లాభం లేదు. అణువులన్నీ ఇలా నిండిన కంపార్టుమెంట్లే. కరెంటు పారాలంటే రెండు జరగాలి. ఒకటి, కంపార్టుమెంట్ల మధ్య తలుపులుండాలి. అంటే అణువులు బాగా దగ్గరగా, ఒకదానిమీద ఒకటి దోసెల దొంతరలా పేరుకోవాలి. రెండు, కొందరైనా ఖాళీ చేయాలి. అంటే కొన్ని ఎలక్ట్రాన్లని బయటికి లాగాలి.

1954లో జపాన్‌లో అకమాటు, ఇనోకుచి, మత్సునాగ అనే ముగ్గురు పెరిలీన్ అనే చదునైన అణువుకి బ్రోమిన్ కలిపారు. బ్రోమిన్‌కి ఎలక్ట్రాన్లంటే మహా ఆశ. అది కొన్నిటిని లాగేసుకోగానే పెరిలీన్‌లో కరెంటు పారింది. 1973లో అమెరికాలో ఇంకో అడుగు పడింది. టీటీఎఫ్ అనే అణువు ఎలక్ట్రాన్లని ఇచ్చే రకం. టీసీఎన్‌క్యూ అనేది పుచ్చుకునే రకం. రెండూ విడివిడి దొంతరలుగా పేరుకుని తయారైన స్ఫటికం లోహంలా కరెంటు పారించింది. అందులో రాగి లేదు, ఇనుము లేదు. ఉన్నవి కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్, గంధకం మాత్రమే!

చిక్కేమిటంటే బాగా చల్లబరిస్తే దొంతరలోని అణువుల మధ్య దూరాలు మారిపోయి కరెంటు ఆగిపోయేది. దాన్ని దాటడానికి 1979 చివర్లో డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త క్లౌస్ బెక్‌గార్డ్, ఫ్రాన్స్ భౌతిక శాస్త్రవేత్త డెనిస్ జెరోమ్ కలిశారు. ఈయన తయారుచేసిన స్ఫటికాన్ని ఆయన పన్నెండు వేల వాతావరణాల ఒత్తిడిలో బిగించి, మైనస్ 272 డిగ్రీలకి చల్లబరిచారు. అప్పుడు కరెంటుకి అడ్డన్నదే లేకుండా పోయింది. అదే తొలి సేంద్రియ అతివాహకం.

వెయ్యి రెట్ల పొరపాటు

ఈ కథలో సినిమా మలుపు ఒకటుంది. 1967లో టోక్యోలో హిడెకి షిరకావా ప్రయోగశాలలో ఎసిటిలీన్ వాయువుతో ఓ నల్లపొడి తయారుచేస్తున్నారు. ఉత్ప్రేరకం కొలతలో పొరపాటు జరిగింది. వేయాల్సిన దానికి వెయ్యి రెట్లు పడింది! వంటింట్లో అయితే కూర పారబోసేవాళ్లం. ఇక్కడ మాత్రం పాత్రలో వెండిలా మెరిసే పల్చటి పొర ఏర్పడింది. షిరకావా పారబోయలేదు. దాచి, ఎందుకలా జరిగిందో ఏళ్లపాటు పరిశీలించారు.

1975లో టోక్యో వచ్చిన అలన్ మెక్‌డయర్మిడ్ అనే రసాయన శాస్త్రవేత్తతో టీ తాగుతూ మాటల్లో ఆ సంగతి చెప్పారు. ఆయన వెంటనే అమెరికా రమ్మన్నారు. 1976లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త అలన్ హీగర్ కూడా తోడయ్యారు. ఆ పొరకి అయొడిన్ ఆవిరి పట్టించారు. మళ్లీ అదే సూత్రం, నిండిన వరుసలోంచి కొందర్ని బయటికి పంపడం. కరెంటు పారే శక్తి కోటి రెట్లు పెరిగింది! ప్లాస్టిక్ అంటే తీగ మీది తొడుగు అనుకునే రోజుల్లో అదే తీగ కాగలదని తేలింది. 2000లో ఆ ముగ్గురికీ రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

కరెంటు పారే ప్లాస్టిక్ మనకెక్కడ కనిపిస్తుంది? కనిపించదు గానీ ఉంటుంది. కంప్యూటర్ల లోపల కెపాసిటర్లలో, స్థిర విద్యుత్తు పుట్టకుండా వేసే పూతల్లో. ఇక చాలా ఫోన్లకీ టీవీలకీ ఉండే ఓఎల్‌ఈడీ తెర చూడండి. 1987లో కొడాక్ కంపెనీలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్‌స్లైక్ మొదలుపెట్టిన ఆ దారిలో, కరెంటు మోసేదీ వెలుగిచ్చేదీ కూడా కార్బన్ అణువుల పల్చటి పొరలే. వాటిలో చాలావాటికి నాఫ్తలీన్‌లాంటి వలయాలే ప్రాణం!

పెన్సిలు ముక్కతో చూడండి!

పిల్లలతో ఇంట్లోనే చేయదగ్గ ప్రయోగం ఇది. పెన్సిలు ములుకులో ఉండేది గ్రాఫైటు. నాఫ్తలీన్‌లో రెండే షడ్భుజాలుంటే ఇందులో లెక్కలేనన్ని షడ్భుజాలు పలకలుగా పరుచుకుని దొంతరలుగా ఉంటాయి.

కరెంటు కోసం: రెండు టార్చి బ్యాటరీలు, ఓ ఎర్ర ఎల్‌ఈడీ బల్బు, వైరు ముక్కలు తీసుకోండి. దారి మధ్యలో తీగకి బదులు పెన్సిలు ములుకు పెట్టండి. బల్బు వెలుగుతుంది.

అయస్కాంతం కోసం: మర పెన్సిల్లో వేసే సన్నని ములుకుని దారంతో సమంగా, అడ్డంగా వేలాడదీయండి. గాలి ఆడకుండా చూసి, బలమైన నియోడిమియం అయస్కాంతాన్ని ఓ కొస దగ్గరికి మెల్లగా తీసుకెళ్లండి. ములుకు నెమ్మదిగా దూరం జరుగుతుంది. భగవంతం వెతికిన తోపుడు అదే!

గోడ ప్లగ్గు జోలికి మాత్రం పోవద్దు. కలరా ఉండలతోనూ ప్రయోగాలొద్దు. అవి చిన్నపిల్లల నోట్లో పడితే ప్రమాదం. జి6పీడీ లోపం ఉన్న పిల్లలకి మరీ ప్రమాదం.

ఎండకి కరిగే అయస్కాంతం

ఇక పిల్లాడి ప్రశ్న. శ్రీనివాసుడి బిళ్ల కర్పూరానికి ఎందుకు అతుక్కోలేదు?

ప్రతి ఎలక్ట్రానూ పుట్టుకతోనే చిన్న అయస్కాంతం. మామూలు అణువుల్లో అవి జంటలుగా ఉంటాయి. ఒకటి తల పైకి పెడితే రెండోది తల కిందికి పెడుతుంది. ఒకదాని బలం ఒకటి చంపేసుకుంటుంది. కర్పూరం, కొబ్బరి, మన ఒళ్లు... చాలావరకు అంతే. ఇనుములో జంట లేని ఎలక్ట్రాన్లుంటాయి. అవి ఒకదాన్ని చూసి ఒకటి ఒకే వైపు తిరుగుతాయి. అందుకే బిళ్ల రెయిలింగుకి అతుక్కుంది.

అణువులతో అయస్కాంతం చేయాలంటే జంట లేని ఎలక్ట్రాన్లు కావాలి. అవన్నీ ఒకే దిక్కు చూడాలి. వేడి వాటిని కుదిపి చెదరగొట్టకూడదు. ఘాట్ రోడ్డు మలుపుల్లో బస్సులో నిలబడ్డవాళ్లంతా ఒకే వైపు నిటారుగా ఉండటం ఎంత కష్టమో ఇదీ అంతే. కుదుపు తగ్గాలంటే చల్లబరచాలి.

పాతకాలం ఇంజినీర్ల బ్లూప్రింటు గుర్తుందా? ఆ నీలిరంగు ప్రష్యన్ బ్లూ. 1700ల మొదటి సంవత్సరాల్లో బెర్లిన్‌లో తయారైన రంగు. ఇనుమూ, కార్బన్-నైట్రోజన్ జంటలూ కలిసి కట్టిన గూడు అది. మైనస్ 267 డిగ్రీల దగ్గర అది అయస్కాంతమవుతుంది! అంత చలి ఎవరికి కావాలి? అందుకే రసాయన శాస్త్రవేత్తలు ఆ గూట్లో ఇనుము తీసి వేరే లోహాలు పెట్టి చూశారు. 1995లో పారిస్‌లో మిషెల్ వెర్దాగే బృందం వెనేడియం, క్రోమియం పెట్టి చేసిన పదార్థం 42 డిగ్రీల దాకా అయస్కాంతంగా నిలిచింది. పారిస్‌కి అది గొప్పే. మన తిరుపతి మే నెల ఎండల్లో పెడితే ఏ మధ్యాహ్నమో మామూలు పొడి అయిపోతుంది!

అంతకుముందే 1991లో అమెరికాలో జోయెల్ మిల్లర్, ఆర్థర్ ఎప్‌స్టైన్ వెనేడియంతో ఓ సేంద్రియ అయస్కాంతం చేశారు. అది గది వేడిలో కూడా అయస్కాంతమే. కానీ గాలి తగిలితే పాడైపోతుంది. ఒకటి సాధిస్తే ఇంకొకటి చేజారడం ఈ పనిలో మామూలే.

పశువుల ఆస్పత్రి డబ్బా

అణువులన్నీ కలిస్తే అయస్కాంతం కావడం ఒక ఎత్తు. ఒక్క అణువే అయస్కాంతం కావడం ఇంకో ఎత్తు. 1980లో పోలెండ్ రసాయన శాస్త్రవేత్త తదేయుష్ లిస్ పన్నెండు మాంగనీసు పరమాణువులున్న ఓ అణువుని తయారుచేశారు. పదమూడేళ్లు అదెవరికీ పెద్దగా పట్టలేదు. 1993లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో రాబర్టా సెస్సోలి, దాంతే గత్తెస్కి బృందం దాన్ని మైనస్ 271 డిగ్రీల దగ్గర పరీక్షిస్తే, ఒకసారి అయస్కాంతంగా మార్చిన అణువు ఆ సంగతిని నెలల తరబడి గుర్తుపెట్టుకుంది!

కంప్యూటర్ హార్డ్‌డిస్కులో ఒక్క 'అవును' లేదా 'కాదు' రాయడానికి వేలకు వేల పరమాణువులు కావాలి. ఆ పని ఒక్క అణువే చేస్తే? మన ఫోటోలూ, బ్యాంకు లెక్కలూ, ఆస్పత్రి రికార్డులూ దాచే డేటా సెంటర్లు ఎంత చిన్నవైపోతాయి? 2025 అక్టోబరులో విశాఖలో భారీ డేటా కేంద్రం పెడతామని గూగుల్ ప్రకటించాక ఈ మాట మనకీ దూరపుది కాదు.

అడ్డంతా చలే. ఇక్కడో మజిలీ ఉంది. అది ద్రవ నైట్రోజన్. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల పాడిరైతులు దాన్ని చూసే ఉంటారు. ఆవుకి సూది వేయడానికి పశువుల ఆస్పత్రి సిబ్బంది తెచ్చే డబ్బా మూత తీస్తే తెల్లటి పొగ వస్తుందే, అదే. దాని చలి మైనస్ 196 డిగ్రీలు. దొరకడం తేలిక, ఖర్చూ తక్కువ. ఆ చలిలో పనిచేసే అణువు దొరికితే సగం యుద్ధం గెలిచినట్టే.

2017లో డిస్ప్రోసియం అనే అరుదైన లోహాన్ని రెండు కార్బన్ వలయాల మధ్య ఇరికించిన అణువు మైనస్ 213 దాకా వచ్చింది. 2018లో రిచర్డ్ లేఫీల్డ్ బృందం మైనస్ 193కి తెచ్చి ఆ గీత దాటింది. 2025లో మాంచెస్టర్, ఆస్ట్రేలియా పరిశోధకులు మైనస్ 173ని అందుకున్నారు. 1993 నుంచి లెక్కేస్తే ముప్పై రెండేళ్లలో సుమారు వంద డిగ్రీలు! నత్తనడకలా ఉందా? మెట్లదారి అంటే అంతే మరి.

మడత కాజా

కరెంటూ, అయస్కాంతమూ రెండూ ఒకే అణు పదార్థంలో ఉంటే? అదీ చేశారు. 2000లో స్పెయిన్‌లోని వలెన్సియాలో యూజెనియో కొరొనాడో బృందం మడత కాజాలాంటి స్ఫటికాన్ని తయారుచేసింది. ఒక పొర కరెంటు పారించే అణువులది. దానిమీద పొర మాంగనీసు, క్రోమియం ఉన్న అయస్కాంతానిది. మళ్లీ కరెంటు పొర, మళ్లీ అయస్కాంతం. మైనస్ 267 డిగ్రీల దిగువన రెండు గుణాలూ కలిసే ఉన్నాయి. ఒకదానికొకటి అడ్డురాలేదు.

ఇవన్నీ బజారులోకి వచ్చేశాయా? లేదు. అణు అయస్కాంతాలు ఇంకా ప్రయోగశాల గడప దాటలేదు. అలిపిరి డిపో నుంచి 2022లో కొండెక్కడం మొదలైన విద్యుత్ బస్సులనీ, మన ఇంటి ఫ్యాన్లనీ తిప్పేవి ఇప్పటికీ పాత రకం లోహాలూ అయస్కాంతాలే. రేపు ఏదో అద్భుతం జరిగిపోతుందని చెప్పడం నిజం కాదు. 1929లో కలరా ఉండ గురించి కూడా అలా చెప్పలేకపోయేవాళ్లం. అదీ నిజమే.

మరి తిండి పెడుతుందా?

కండక్టరు గారి ప్రశ్న అలాగే ఉంది. అలిపిరికి రోడ్డున పోయే దూరంలోనే జవాబు సగం దొరుకుతుంది. తిరుపతిలో శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచి ఉంది. 2015లో ఐసర్, ఐఐటీ రెండూ వచ్చాయి. ఇప్పుడు శ్రీకాళహస్తి దారిలో ఏర్పేడు దగ్గర వాటి ప్రాంగణాలున్నాయి. భగవంతం కలకత్తా రైలెక్కాల్సి వచ్చింది. మన పిల్లలు ఏర్పేడు బస్సెక్కితే చాలు. అలిపిరి దగ్గరే ఉన్న ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి ఓ ఆదివారం వెళ్తే పిల్లలకి ఏది ఇష్టమో కూడా తెలుస్తుంది.

కష్టాలూ చెప్పాలి. ఐసర్‌లో అయిదేళ్లు. పరిశోధన అంటే ఆ తర్వాత పీహెచ్‌డీకి ఇంకో అయిదారేళ్లు. తోటివాళ్లు జీతాలు తెచ్చుకుంటుంటే ఈ పిల్ల ఉపకార వేతనం మీద ల్యాబులో ఉంటుంది. ప్రయోగం పది సార్లు చెడుతుంది. అందరికీ ప్రొఫెసరు ఉద్యోగాలూ రావు. అయితే రసాయన శాస్త్రం బాగా వచ్చినవాళ్లకి మందుల కంపెనీల్లో, బ్యాటరీల తయారీలో, ఎలక్ట్రానిక్స్‌లో పని ఉంటుంది. ఇష్టం లేకుండా ఇంజినీరింగు చేసినవాడికంటే ఇష్టంతో కెమిస్ట్రీ చేసినవాడి దారి మరీ ఇరుకేమీ కాదు.

భగవంతం సంగతే చూడండి. కలరా ఉండతో మొదలైన మనిషి 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి ప్రొఫెసరయ్యారు. 1952 నుంచి 1957 దాకా ఉస్మానియా వైస్‌ఛాన్సలర్. తర్వాత 1962 దాకా బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్. 1961 నుంచి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. ఇంత బరువులోనూ అయస్కాంతాల్ని వదల్లేదు. 1960లలో అయస్కాంత స్ఫటికాల సౌష్ఠవం మీద మళ్లీ పత్రాలు రాశారు. 1966లో స్ఫటికాల గుణాల మీద పుస్తకం తెచ్చారు. 1989లో కన్నుమూసేదాకా తెలుగువాళ్లకి ఆయన పెద్ద పేరే. ఇప్పటి పిల్లల్లో ఎందరికి తెలుసో మరి!

అయిదో రోజు సాయంత్రం కండక్టరు గారికి ఫోన్ చేశాను. డ్యూటీ దిగి ఇంట్లోనే ఉన్నారు. కలరా ఉండ నుంచి పశువుల డబ్బా దాకా చెప్పుకొచ్చాను. కష్టాలు కూడా దాచలేదు. అంతా విని కాసేపు మాట్లాడలేదు.

'అయితే సార్, ఆ భగవంతం గారి నాయన కూడా నా మాదిరే అడిగుంటాడా, అది తిండి పెడతాదా అని?'

'అడిగే ఉంటారండీ. తండ్రి కదా!'

నవ్వారు. వెనక నుంచి పిల్లాడి గొంతు వినిపించింది. 'నాయనా, నా అయస్కాంతం బీరువాకి అతుక్కుంది!' అని. దాని వెంటే అక్క కేక. 'కలరా ఉండకి కూడా పెట్టి చూడరా, ముట్టుకోకుండా!'

'సరే సార్' అన్నారాయన. 'శ్రీకాళహస్తి రూటు నాదే. ఏర్పేడు స్టేజీలో దాన్ని దింపేదీ నేనే. అయిదేళ్లే కదా... దింపతా.'